యుద్ధం మీద ఆన్‌లైన్ వాదన: చివరి మాట ఎవరిది?

క్లుప్తంగా: యుద్ధం గురించి ఆన్‌లైన్‌లో జరిగే గొడవలు ముదరడానికి మనుషుల కోపం ఒక్కటే కారణం కాదు. వాదనను ఎవరు తేలుస్తారు, ఏ పద్ధతిలో తేలుస్తారు, విసిగినవాళ్లు బయటికి పోవడం ఎంత తేలిక అన్నవి ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. క్రొయేషియన్ వికీపీడియాను ఒక చిన్న గుంపు సుమారు పదేళ్లు గుప్పిట్లో పెట్టుకున్న తీరు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. ఇంగ్లిష్ వికీపీడియా, రెడిట్ అనే చర్చల సైట్, ఎక్స్ (పాత ట్విటర్), వాట్సాప్ ఇదే చిక్కును వేర్వేరుగా ఎదుర్కొన్నాయి. ఏదీ పూర్తిగా గెలవలేదు గానీ తేడాలు మాత్రం ఉన్నాయి.

2025 మే 10 సాయంత్రం భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పులు ఆగుతున్నాయని విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ప్రకటించారు. నిర్ణయం ఆయనది కాదు, ప్రభుత్వానిది. ఆయన చేసింది దాన్ని చదివి వినిపించడం. అయినా గంటల వ్యవధిలోనే ఆయన మీద, ఆయన కూతురి మీద బూతులు మొదలయ్యాయి. ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవాల్సి వచ్చింది. ఐఏఎస్, ఐపీఎస్ అధికారుల సంఘాలు ఆయనకు మద్దతుగా ప్రకటనలు ఇచ్చాయి. అంతకు కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదుల చేతిలో భర్తను పోగొట్టుకున్న ఒక యువతి ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దని అన్నందుకు ఆమెనూ ఇలాగే చుట్టుముట్టారు. జాతీయ మహిళా కమిషన్ కలగజేసుకుని ఆ దాడిని ఖండించింది.

ఈ రెండు సంఘటనల్లోనూ తిట్టినవాళ్లు, తిట్లు తిన్నవాళ్లు ఒకే దేశంవాళ్లు. యుద్ధ సమయంలో ఆన్‌లైన్ ఆవేశం ఎదుటి దేశం మీద కంటే సొంత వరుసలో కాస్త తేడాగా మాట్లాడినవాళ్ల మీద ఎక్కువ పడుతుంది. శత్రువు ఎలాగూ ఈ గ్రూపులో లేడు. అనుమానంగా చూడటానికి అందుబాటులో ఉన్నది పక్కనున్నవాడే.

ముఖాలు కనపడవు, పేర్లు తెలియవు కాబట్టి ఇష్టమొచ్చినట్టు మాట్లాడతారన్నది దీనికి మామూలుగా చెప్పే కారణం. అందులో కొంత నిజం ఉంది. కానీ పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, బంధువుల గ్రూపులో అందరి పేర్లూ, ఫోన్ నంబర్లూ, ఇంటి పేర్లూ తెలుసు. అక్కడా గొడవలు అవుతున్నాయంటే వేరే కారణాలు వెతకాలి.

## సమాచారం తక్కువ, సాక్ష్యం అడిగేవాళ్లు ఎక్కువ

కరెంటు చార్జీల మీద వాదన వస్తే బిల్లు తీసి చూపించొచ్చు. యుద్ధంలో మొదటి రోజుల్లో చూపించడానికి ఏమీ ఉండదు. రెండు ప్రభుత్వాలూ తమకు కావాల్సిందే చెబుతాయి. ఎన్ని విమానాలు కూలాయి, ఎంతమంది చనిపోయారు అన్న లెక్కలు నెలల తర్వాత కూడా తేలవు. ఆ ఖాళీలోకి ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. 'ఆర్మా 3' అనే వీడియోగేమ్‌లోని దృశ్యాలు ఉక్రెయిన్ యుద్ధంలోనూ, తర్వాత గాజా యుద్ధంలోనూ నిజం వీడియోలుగా తిరిగాయి. ఈ బెడద భరించలేక ఆ గేమ్ తయారుచేసిన చెక్ కంపెనీయే 2022 నవంబరులో, తమ గేమ్ దృశ్యాలను ఎలా గుర్తుపట్టాలో వివరిస్తూ ప్రకటన ఇచ్చింది. 2025 మే 8 రాత్రి మన టీవీ చానెళ్లు కొన్ని కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయిందని చెప్పాయి. తెల్లారేసరికి ఆ రేవు అక్కడే ఉంది.

ఇలాంటి సమయంలో 'దీనికి ఆధారం ఏంటి?' అన్న మామూలు ప్రశ్న కూడా పక్షం మారినట్టు వినిపిస్తుంది. అడిగినవాడు సమాచారం కోసం అడుగుతాడు, విన్నవాడు విధేయత గురించి వింటాడు. ఆ తర్వాత ఎంత మాట్లాడినా ఇద్దరూ వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నట్టే.

దీనికి తోడు ఏ మాట ఎక్కువ దూరం పోతుందన్న లెక్క ఉంది. అమెరికా రాజకీయ నాయకులు, వార్తా సంస్థలు ఫేస్‌బుక్, ట్విటర్‌లలో పెట్టిన సుమారు 27 లక్షల పోస్టులను పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. ఎదుటి పక్షాన్ని సూచించే ఒక్కో పదం చేరినకొద్దీ ఆ పోస్టు షేర్ అయ్యే అవకాశం 67 శాతం చొప్పున పెరిగిందని అది తేల్చింది. మన పార్టీ గొప్పది అనే పోస్టు కంటే వాళ్ల పార్టీ దరిద్రం అనే పోస్టు దూరం పోతుందన్నమాట. యుద్ధంలో ఎదుటి పక్షానికి కొదవేముంది?

ఎదుటివాళ్ల వాదన కూడా వినిపిస్తే జనం మెత్తబడతారన్న ఆశ ఒకటి ఉండేది. 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అమెరికన్ల చేత నెల రోజుల పాటు ట్విటర్‌లో ఎదుటి పార్టీ భావాలు వినిపించే ఖాతాను ఫాలో చేయించారు. రిపబ్లికన్లు మెత్తబడకపోగా తమ భావాల్లో మరింత గట్టిపడ్డారు. డెమొక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వినిపించడం ఒక్కటే మందు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. వినే చోటు ఎలాంటిది, అక్కడ వాదన ఎలా ముగుస్తుంది అన్నది చూడాలి.

## క్రొయేషియన్ వికీపీడియా: గెలవకుండానే ఆక్రమించడం

తీవ్రవాద భావజాలం ఒక ఆన్‌లైన్ సమూహాన్ని ఎలా చేజిక్కించుకుంటుందో చూడటానికి ఇంతకంటే బాగా రికార్డయిన కథ దొరకదు. కారణం సులువే. వికీపీడియాలో ప్రతి మార్పూ, ప్రతి గొడవా, ఎవరు ఎవర్ని ఎప్పుడు రాయకుండా నిరోధించారన్నదీ తేదీ, సమయంతో సహా హిస్టరీలో ఉండిపోతుంది.

ముందు నేపథ్యం. 1941 ఏప్రిల్‌లో నాజీ జర్మనీ, ఇటలీ యుగోస్లావియాను ఆక్రమించాక, ఆంటె పవేలిచ్ నాయకత్వంలో ఉస్తాషా అనే ఫాసిస్టు సంస్థ 'స్వతంత్ర క్రొయేషియా రాజ్యం' పేరిట ఒక కీలుబొమ్మ ప్రభుత్వాన్ని నడిపింది. 1945 దాకా నడిచిన ఆ ప్రభుత్వపు అతిపెద్ద నిర్బంధ శిబిరం యసెనోవాట్స్. అక్కడి స్మారక కేంద్రం ఇప్పటిదాకా 83,145 మంది మృతులను పేర్లతో సహా నమోదు చేసింది. వాళ్లలో సెర్బులే ఎక్కువ, తర్వాత రోమాలు (జిప్సీలని పిలిచే జాతి), యూదులు. ఈ సంఖ్య మీద గొడవ ఒకవైపు నుంచే కాదు. యుగోస్లావియా కాలంలో ఏడు లక్షలని చెప్పేవారు. క్రొయేషియా జాతీయవాదుల్లో కొందరు ఎదురు తిరిగి, అక్కడ సామూహిక హత్యలే జరగలేదనే దాకా పోయారు. యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు 1991 నుంచి 1995 వరకు క్రొయేట్లకూ సెర్బులకూ మధ్య జరిగిన యుద్ధం ఈ పాత గాయాన్ని మళ్లీ రేపింది.

సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్ మాట్లాడేవాళ్లు ఒకరి మాట ఒకరికి ఇబ్బంది లేకుండా అర్థమయ్యేంత దగ్గరివాళ్లు. అయినా వికీపీడియాలో వీటికి మూడు వేర్వేరు సైట్లు, ఉమ్మడిగా సెర్బో-క్రొయేషియన్ పేరుతో నాలుగోది ఉన్నాయి. దాంతో ఒకే చరిత్ర మీద వాదించుకోవాల్సినవాళ్లు నాలుగు గదుల్లోకి విడిపోయారు. వికీపీడియా నియమాలన్నీ ఒకే గదిలో రకరకాల భావాలవాళ్లు ఉంటారన్న నమ్మకం మీద రాసినవి. గది నిండా ఒకే రకంవాళ్లుంటే 'ఏకాభిప్రాయం' అన్న నియమం తలకిందులవుతుంది. అక్కడ ఉన్నవాళ్లకు నచ్చిందే ఏకాభిప్రాయం.

క్రొయేషియన్ వికీపీడియాలో ఒక నిర్వాహకుల (ఖాతాలను నిరోధించే అధికారం ఉన్న ఎడిటర్ల) ముఠా చేసింది స్థూలంగా ఇదీ. యసెనోవాట్స్ వ్యాసంలో దాన్ని మనుషుల్ని చేర్చి పని చేయించిన శిబిరంగా చూపించారు. హత్యల సంగతి వెనక్కి పోయింది. ఉస్తాషాలు మంచివాళ్లని నేరుగా రాయనక్కర్లేదు. అలా రాస్తే దొరికిపోతారు. బదులుగా ఏ మూలం నమ్మదగినది, ఏది కాదు అన్న దగ్గర ఆట ఆడారు. అతివాద పత్రికలు, వెబ్‌సైట్లు ఆధారాలుగా నిలబడ్డాయి. విద్యావేత్తల చరిత్ర పుస్తకాలను 'యుగోస్లావ్ ప్రచారం' అని పక్కన పెట్టారు.

కొత్తగా వచ్చి దీన్ని సరిదిద్దబోయినవాళ్ల అనుభవం దాదాపు ఒకేలా ఉండేది. మార్పు చేస్తే నిమిషాల్లో వెనక్కి తిప్పేవారు. మళ్లీ చేస్తే చర్చా పేజీకి (వ్యాసం గురించి ఎడిటర్లు మాట్లాడుకునే పేజీకి) వెళ్లమనేవారు. చర్చా పేజీలో అడిగిన ప్రశ్నకు జవాబు రాదు. నువ్వు ఎవరి మనిషివి, ఎందుకు వచ్చావు అన్న మాటలు వస్తాయి. ఓపిక పట్టి ఇంకా వాదిస్తే 'పనికి అడ్డుపడుతున్నాడు' అని ఖాతాను నిరోధించేవారు. ఓటింగ్ దాకా వెళ్తే, ఒకరే నడిపే దొంగ ఖాతాలు వచ్చి ఓట్లేసేవి. వాదనలో ఓడించాల్సిన అవసరమే రాలేదు. విసిగించి పంపేస్తే సరిపోయింది. వెళ్లిపోయినవాళ్లలో కొందరు సెర్బో-క్రొయేషియన్ వికీకి, ఇంగ్లిష్ వికీకి వలస పోయారు. వాళ్లు పోయినకొద్దీ మిగిలిన గది మరింత ఒకవైపు ఒరిగింది.

2013 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో ఒక పేజీ ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది. జాతీయ పత్రికలు అందుకున్నాయి. అప్పటి విద్యామంత్రి జెల్కో యొవనోవిచ్, విద్యార్థులు క్రొయేషియన్ వికీపీడియాను వాడొద్దని, ఇంగ్లిష్ వికీ చూసుకోమని బహిరంగంగా చెప్పారు. ఒక దేశ విద్యామంత్రి సొంత భాష ఎన్‌సైక్లోపీడియాను చదవొద్దని చెప్పడం మామూలు విషయం కాదు. అయినా ఏమీ కదల్లేదు. నిర్వాహకులు దీన్ని వామపక్షాల దాడిగా చెప్పుకున్నారు. బయటి నుంచి వచ్చిన విమర్శ లోపలివాళ్లను విడదీయలేదు సరికదా, ఇంకా దగ్గర చేసింది.

మరి వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ ఏం చేసినట్టు? ఏ భాష వికీ వ్యవహారం ఆ భాషవాళ్లే చూసుకోవాలన్నది దాని విధానం. విషయంలో వేలు పెట్టకపోవడం మంచి సూత్రమే. ప్రభుత్వాలు ఒత్తిడి తెచ్చినప్పుడు ఫౌండేషన్‌ను కాపాడేదీ అదే. కానీ స్వయంపాలన నడిపించేది ఒక ముఠా అయినప్పుడు ఆ సూత్రం ముఠాకే గొడుగు పట్టింది. 2013లో రచ్చకెక్కిన ఫిర్యాదులకు ఫలితం రావడానికి 2020 దాకా పట్టింది. దొంగ ఖాతాల గుట్టు సాంకేతిక పరిశీలనలో బయటపడటంతో ఆ ఏడాది చివర్లో ముఖ్య నిర్వాహకుడిపై అన్ని వికీల్లోనూ నిషేధం పడింది. మిగతావాళ్లలో పలువురి అధికారాలు పోయాయి. 2021 జూన్‌లో ఫౌండేషన్ బయటి నిపుణుడితో రాయించిన నివేదిక ప్రచురించింది. కనీసం 2011 నుంచి 2020 వరకు ఆ సైట్ ఒక గుంపు చేతిలో ఉందని, వాళ్లు రాసింది క్రొయేషియాలోని తీవ్ర రైట్‌వింగ్ వర్గాల కథనాలతో సరిపోలిందని అందులో ఉంది.

ముఠా పడిపోవడానికి కారణం ఉస్తాషాల మీద వాళ్ల అభిప్రాయం కాదన్నది ఇక్కడ గమనించాలి. పట్టుబడింది ఓటింగులో మోసం, అధికార దుర్వినియోగం. యసెనోవాట్స్ గురించి నిజం ఏమిటో తేల్చే యంత్రాంగం వికీపీడియాలో లేదు. మోసం జరిగిందా లేదా తేల్చే యంత్రాంగం ఉంది.

## అదే నియమాలు, పెద్ద గుంపు

ఇంగ్లిష్ వికీపీడియాలో ఇజ్రాయెల్-పాలస్తీనా వ్యాసాలు నిత్యం రగిలేవే. అక్కడ ఒకే గదిలో రెండు పక్షాలూ ఉన్నాయి, ఎవరూ ఎవర్నీ పూర్తిగా తరిమేయలేరు. అందుకే నియమాలు ఇంకా కఠినంగా తయారయ్యాయి. ఖాతా తెరిచి 30 రోజులు కాకపోతే, కనీసం 500 మార్పులు చేసి ఉండకపోతే ఆ వ్యాసాల్లో చేయి పెట్టనివ్వరు. ఎదుటివాళ్లు చేసిన మార్పును 24 గంటల్లో ఒక్కసారికి మించి వెనక్కి తిప్పకూడదు. గొడవ శ్రుతి మించితే ఎడిటర్లే ఎన్నుకునే మధ్యవర్తిత్వ కమిటీ విచారణ జరుపుతుంది. 2025 జనవరిలో ఆ కమిటీ 8 మంది ఎడిటర్లను ఈ విషయం జోలికి రాకుండా నిషేధించింది. ఆ 8 మంది ఒకే పక్షంవాళ్లు కారు. భారత్-పాకిస్తాన్ వ్యాసాలు కూడా ఈ కమిటీ ప్రత్యేక నిఘాలో ఉన్నవే.

ఈ కమిటీ కూడా ఎవరి వాదన సరైనదో చెప్పదు, ప్రవర్తనను మాత్రమే విచారిస్తుంది. వికీపీడియా వ్యవస్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ 2025 నవంబరులో గాజాకు సంబంధించిన ఒక వ్యాసం తటస్థంగా లేదని చర్చా పేజీలో రాశారు. ఎడిటర్లు ఆయనకు ఎదురు జవాబులిచ్చారు. వ్యవస్థాపకుడి మాటకూ అక్కడ ఒక అభిప్రాయం విలువే.

ఇలా కొట్టుకునేవాళ్లతో ఏం సాధ్యమవుతుందన్న ప్రశ్నకు ఒక జవాబు ఉంది. ఇంగ్లిష్ వికీపీడియాలో రెండు లక్షలకు పైగా వ్యాసాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. రాజకీయంగా రెండు కొసల్లో ఉన్న ఎడిటర్లు కలిసి పనిచేసిన వ్యాసాలు, ఒకే రకం భావాలవాళ్లు గానీ, మధ్యస్థులు గానీ రాసిన వాటికంటే మెరుగ్గా ఉన్నాయని అది చెప్పింది. వాళ్ల చర్చలు ఎక్కువసేపు సాగాయి, నియమాలను ఎక్కువగా ఉటంకించారు. దీన్ని పడని ఇద్దరిని కూర్చోబెడితే మంచి జరుగుతుందని అర్థం చేసుకోకూడదు. ఇద్దరి ముందూ ఒకే పేజీ ఉంది, ఆ పేజీలో ఒక్క వాక్యమే మిగలాలి, దానికి ఆధారం చూపాలి. ఈ షరతులు వాట్సాప్‌లో ఒక్కటీ లేవు.

లోపాలు లేవని కాదు. 500 మార్పుల గడప దాటేలోపు నిజంగా విషయం తెలిసిన కొత్తవాళ్లు వెనక్కి పోతారు. లోపల మిగిలేది ఓపికా, తీరికా ఉన్నవాళ్లు. వాళ్లు అందరికీ ప్రతినిధులన్న హామీ ఏమీ లేదు. రెండు పక్షాలూ ఈ సైట్ ఎదుటివాళ్ల చేతిలో ఉందని ఆరోపించడం మానలేదు.

## తరిమేస్తే ఎక్కడికి పోతారు?

రెడిట్ దారి వేరు. అక్కడ ఒక్కో విషయానికి ఒక్కో గది, ఒక్కో గదికి సొంత పెద్దలు. చరిత్ర గురించి ప్రశ్నలడిగే ఒక ప్రసిద్ధ గదిలో గత 20 ఏళ్లలో జరిగిన సంఘటనల గురించి అడగకూడదన్న నియమం ఉంది. ఈ నాటి రాజకీయాలు చరిత్ర వేషం వేసుకుని రాకుండా ఆపడానికి పెట్టిన గోడ అది. మోటుగా ఉన్నా పని చేస్తోంది. ఇరాక్ మీద 2003లో జరిగిన దాడి ఈ మధ్యే ఆ గోడ దాటి లోపలికి వచ్చింది.

గదులనే మూసేయడం మరో పద్ధతి. 2020 జూన్ 29న రెడిట్ సుమారు 2,000 గదులను మూసేసింది. వాటిలో దాదాపు 8 లక్షల మంది సభ్యులున్న ట్రంప్ అభిమానుల గది ఒకటి, తీవ్ర వామపక్షీయుల గది ఒకటి. ఇలాంటి మూసివేతల మీద వచ్చిన రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదవాలి. 2015లో మూసిన రెండు ద్వేష గదుల మీద 2017లో వచ్చినదాని ప్రకారం చాలామంది రెడిట్ వదిలేశారు, మిగిలినవాళ్ల ద్వేష భాష కనీసం 80 శాతం తగ్గింది. 2021లో వచ్చిన రెండోది, వెళ్లిపోయినవాళ్ల వెంట వెళ్లి చూసింది. ట్రంప్ అభిమానుల గది సభ్యులు సొంత సైట్ పెట్టుకున్నారు. అక్కడ జనం తగ్గారు, కొత్తవాళ్ల రాక తగ్గింది. కానీ మిగిలినవాళ్ల మాటల్లో విషం పెరిగింది. రెడిట్ శుభ్రపడింది, సమాజం సంగతి అలా తేల్చి చెప్పలేం.

అభిప్రాయం మార్చుకోవడానికే పెట్టిన గది కూడా రెడిట్‌లో ఉంది. తన అభిప్రాయం చెప్పి, మార్చగలిగితే మార్చండని అడగడం అక్కడి ఆట. ఆ చర్చల మీద 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం ఇద్దరి మధ్య కొద్దిపాటి సంభాషణ మేలు చేస్తుంది. నాలుగైదు రౌండ్లు దాటితే అభిప్రాయం మారే ఆశ దాదాపు ఉండదు. అర్ధరాత్రి దాకా సాగే వాదనల గురించి ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

## ఇరువైపులా ఒప్పుకుంటేనే

ఎక్స్‌లో పోస్టుల కింద వినియోగదారులే రాసే వివరణలు, అంటే కమ్యూనిటీ నోట్స్, 2021 జనవరిలో వేరే పేరుతో ప్రయోగంగా మొదలయ్యాయి. ఇక్కడ మెజారిటీ ఓటు చెల్లదు. నోట్లకు రేటింగ్ ఇచ్చేవాళ్లలో మామూలుగా ఒకరితో ఒకరు విభేదించే రెండు రకాలవాళ్లూ 'ఈ నోట్ పనికొస్తుంది' అంటేనే అది జనానికి కనిపిస్తుంది. క్రొయేషియాలో జరిగినట్టు ఒకే గుంపు ఓట్లతో ముంచేయడం దీనివల్ల కష్టమవుతుంది. ఫేస్‌బుక్ కంపెనీ మెటా కూడా 2025 జనవరిలో అమెరికాలో ఫ్యాక్ట్ చెకర్లను తీసేసి ఇదే బాట పడతానంది.

చిక్కంతా ఈ షరతులోనే ఉంది. రెండు పక్షాలూ ఏ విషయంలోనూ కలవని చోట ఏ నోటూ పైకి రాదు. యుద్ధం సరిగ్గా అలాంటి చోటు. రాసిన నోట్లలో చాలా భాగం ఎప్పటికీ కనపడకుండానే ఉండిపోతాయి, వచ్చినవీ ఆలస్యంగా వస్తాయి. పైగా నోట్ రాయాలన్నా, రేటింగ్ ఇవ్వాలన్నా ఆ భాష తెలిసినవాళ్లు ఇరువైపులా తగినంతమంది ఉండాలి.

## వాట్సాప్ గ్రూపు: హిస్టరీ లేని గది

తెలుగువాళ్లు యుద్ధం గురించి ఎక్కువగా వాదించుకునేది వికీపీడియాలోనో రెడిట్‌లోనో కాదు, వాట్సాప్‌లో. పైన చెప్పిన ఏర్పాట్లలో ఒక్కటీ అక్కడ లేదు. మాటలు కంపెనీకి కూడా కనపడకుండా ఎన్‌క్రిప్ట్ అవుతాయి, కాబట్టి బయటి విచారణ లేదు. అప్పీలు లేదు. అడ్మిన్ అంటే గ్రూపు పెట్టినవాడు, అంతే. ఆ బాధ్యత కావాలని ఎవరూ పోటీపడి తెచ్చుకున్నది కాదు. రిటైరైన బాబాయ్ గారో, బ్యాచ్‌లో కాస్త చురుకైనవాడో అయి ఉంటారు. గొడవైతే ఆయన దగ్గరున్నవి మూడే మార్గాలు: మెసేజ్ తీసేయడం, మనిషిని తీసేయడం, అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును మూసేయడం. 'గ్రూపులో రాజకీయాలు వద్దు' అన్న మాట నాలుగోది. అది ఎప్పుడూ మొదటి ఫార్వర్డ్ మీద కాకుండా దానికి వచ్చిన జవాబు మీద ప్రయోగమవుతుంది. సైన్యానికి జై కొట్టే పోస్టు రాజకీయం కాదు, అందులోని లెక్క తప్పని చెప్పడం రాజకీయం.

కంపెనీ కొంత చేసింది. మూకదాడుల తర్వాత 2018 జులైలో ఇండియాలో ఫార్వర్డ్‌లను ఒకసారికి 5 చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి పలుమార్లు ఫార్వర్డ్ అయినవి ఒకసారికి ఒక్క చాట్‌కే పోతాయి. ఇవి వేగాన్ని తగ్గించాయి. గ్రూపు లోపలి వాదన తీరు మీద వీటి ప్రభావం లేదు.

ఆ తీరును మార్చగలిగిన మార్పు 2022 ఆగస్టులో వచ్చింది. అంతకుముందు ఎవరైనా గ్రూపు వదిలితే 'ఫలానావారు లెఫ్ట్' అని అందరికీ కనపడేది. ఎందుకు వెళ్లాడు, ఏమైంది అని నలుగురు ఫోన్ చేసేవారు. కొందరు బతిమాలి మళ్లీ చేర్చేవారు. ఇప్పుడు ఆ కబురు అడ్మిన్లకు మాత్రమే వెళ్తుంది. వెళ్లేవాడికి ఇది సుఖమే. కానీ మిగిలినవాళ్లకు తమ మాట ఎవరికి నచ్చలేదో తెలిసే దారి ఒకటి ఇరుకైపోయింది. గ్రూపులోనే ఉండి మ్యూట్‌లో పెట్టినవాళ్లు వీళ్లకంటే చాలా ఎక్కువ, వాళ్లు అసలే కనపడరు. పది మంది మాట్లాడుతుంటే, మిగతా తొంభై మందీ ఒప్పుకుంటున్నట్టే లెక్క. క్రొయేషియన్ వికీలో అసమ్మతిని బయటికి పంపడానికి నిరోధాలు, దొంగ ఓట్లు కావాల్సి వచ్చాయి. ఇక్కడ ఎవరూ ఏమీ చేయకుండానే ఆ పని జరిగిపోతుంది.

లోపల తేల్చే దారి లేనప్పుడు గొడవ పోలీస్ స్టేషన్‌కు పోతుంది. మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో పనిచేసే ఒక కశ్మీరీ అధ్యాపకుడు, ఆర్టికల్ 370 రద్దును విమర్శిస్తూ, ఆగస్టు 14న పాకిస్తాన్‌కు స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు చెబుతూ వాట్సాప్ స్టేటస్ పెట్టారని కేసు అయింది. 2024 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. మరో దేశానికి స్వాతంత్ర్య దినం శుభాకాంక్షలు చెప్పడం నేరం కాదని, మాట ప్రభావాన్ని తొణకని, నిబ్బరం గల మనుషుల కొలతతో చూడాలి గానీ ప్రతి మాటలో ప్రమాదం వెతికేవాళ్ల కొలతతో కాదని చెప్పింది. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు కూడా స్పష్టం చేసింది. ఈ తీర్పులు అడ్మిన్లకు, మాట్లాడేవాళ్లకు ఊరటే. అయితే కేసు కొట్టేసేదాకా తిరగాల్సిన ఏళ్లకు వాటిలో పరిహారం లేదు. పోస్టు పెట్టబోయేవాడు తీర్పు కంటే ముందు ఎఫ్ఐఆర్ గురించే ఆలోచిస్తాడు.

## ఇక ముందు

చిన్న సమూహాలకు ముప్పు ఎక్కువన్నది క్రొయేషియా కథలో తెలుగువాళ్లకు నేరుగా తగిలే భాగం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాట్లాడేవాళ్లు 8 కోట్లకు పైనే. క్రొయేషియా జనాభా 40 లక్షల లోపు. కానీ లెక్కలోకి వచ్చేది భాష ఎంత పెద్దదన్నది కాదు, ఆ గదిలో రోజూ పనిచేసేవాళ్లు ఎంతమంది అన్నది. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తున్నా అందులో క్రమం తప్పకుండా రాసేవాళ్లు భాష సైజుతో పోలిస్తే చాలా తక్కువ. ఇక్కడ అలాంటి ఆక్రమణ జరిగిందని కాదు. పది మంది పట్టుదలగా పూనుకుంటే అడ్డుకోవడానికి చాలినంత మంది ఉంటారా అన్నది వేరే ప్రశ్న.

రెండో మార్పు ఇప్పటికే మొదలైంది. 2025 మేలో చాలామంది ఎక్స్‌లో వాదన మధ్యలో ఆపి, 'ఇది నిజమేనా?' అని అందులోని చాట్‌బాట్ గ్రోక్‌ను అడగడం మొదలుపెట్టారు. అది సూడాన్‌లోని ఖార్టూమ్ విమానాశ్రయపు పాత వీడియోను పాకిస్తాన్ నూర్ ఖాన్ వైమానిక స్థావరం మీద దాడిగా చెప్పింది. మనిషి పెద్దరికం చేసినా తప్పులు జరుగుతాయి. క్రొయేషియన్ వికీ నిర్వాహకులు చేసిన ప్రతి నిరోధం, ప్రతి దొంగ ఓటు హిస్టరీలో మిగిలింది కాబట్టి ఏళ్ల తర్వాతైనా తవ్వి తీయగలిగారు. చాట్‌బాట్ జవాబుకు చర్చా పేజీ లేదు, ఎన్నికా లేదు. అదే వీడియో గురించి పది నిమిషాల తర్వాత మరొకరు అడిగితే అదే జవాబు వస్తుందన్న హామీ కూడా లేదు.